బ్రౌజర్ ఎంపిక, యాడ్ బ్లాకింగ్, ట్రాకింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏ బ్రౌజర్ మంచిది, యాడ్స్ ఎలా ఆపాలి అని వెతికితే దొరికేవి ఎక్కువగా పొడవాటి జాబితాలు, మార్కుల పట్టికలు. అవన్నీ చూశాక అయోమయం ఇంకాస్త పెరుగుతుంది. ఈ పేజీలో ఒకే విషయాన్ని పట్టుకుని వెళ్దాం: మీ బ్రౌజర్ నుంచి అక్కర్లేని చోటికి రిక్వెస్ట్ (ఇది పంపు అని బ్రౌజర్ వేరే కంప్యూటర్‌ని అడగడం) అసలు వెళ్లకుండా చూడటం. యాడ్స్ పోవడం, పేజీ వేగంగా రావడం, మీ వివరాలు బయటికి పోకపోవడం, మూడూ అందులోంచే వస్తాయి.

ఇదంతా చదివే తీరిక లేదు. ఏం చేయాలో ఒక్క ముక్కలో చెప్తారా?

కంప్యూటర్‌లోనూ, ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ ఫైర్‌ఫాక్స్ వేసుకుని అందులో యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) పెట్టుకోండి. ఐఫోన్ అయితే సఫారీనే ఉంచుకుని, యాప్ స్టోర్ నుంచి యూబ్లాక్ ఆరిజిన్ లైట్ గానీ ఆడ్‌గార్డ్ గానీ, ఏదో ఒక యాడ్ బ్లాకర్ వేసుకోండి. ఎక్స్‌టెన్షన్ల గొడవే వద్దనుకునేవాళ్లకు బ్రేవ్ అనే బ్రౌజర్ ఉంది, ఇన్‌స్టాల్ చేసిన దగ్గర్నుంచే యాడ్స్ ఆపుతుంది. ఈ సలహా ఎందుకు ఇస్తున్నానో తెలుసుకోవాలంటే కింద చదవండి.

నేనేం తప్పు చేయట్లేదు, దాచుకోవాల్సింది ఏమీ లేదు. నాకెందుకు ఇదంతా?

ఒంట్లో బాగోలేక జబ్బు గురించి వెతికినప్పుడు, అప్పు కోసం వడ్డీ లెక్కలు చూసుకున్నప్పుడు, ఉన్న ఉద్యోగం మానేసి వేరేది చూసుకుంటున్నప్పుడు మీరేం తప్పు చేయట్లేదు. అయినా ఆ సంగతి ముక్కూమొహం తెలియని కంపెనీలకు తెలియాలని మీరు కోరుకోరు. ఇంట్లోవాళ్లకే ఇంకా చెప్పని విషయం యాడ్స్ కంపెనీలకు ముందే తెలిసిపోతోంది. దీన్ని మామూలు సంగతిగా తీసుకోవడం నాకు ఎప్పటికీ సమ్మతం కాదు.

ప్రైవసీ మాట పక్కన పెట్టినా, భద్రత సంగతి ఉంది. 2022 డిసెంబర్‌లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ప్రజలకు ఒక హెచ్చరిక ఇచ్చింది. మోసగాళ్లు సెర్చ్ ఫలితాల పైన కనిపించే యాడ్స్ కొని, అసలు కంపెనీల సైట్లను పోలిన నకిలీ సైట్లకు జనాన్ని లాగుతున్నారని చెప్పింది. అందులో ఇచ్చిన సలహాల్లో ఒకటి, సెర్చ్ చేసేటప్పుడు యాడ్ బ్లాకర్ వాడమని. నేరాలు దర్యాప్తు చేసేవాళ్లే ఆ మాట చెప్పారంటే, యాడ్ బ్లాకర్ విసుగు తగ్గించుకునే సాధనం మాత్రమే కాదని అర్థం చేసుకోవచ్చు.

ఒక పేజీ తెరిస్తే లోపల నిజంగా ఏం జరుగుతుంది?

కళ్లారా చూడొచ్చు. కంప్యూటర్‌లో ఏ బ్లాకరూ లేని బ్రౌజర్ తీసుకుని ఎఫ్12 నొక్కండి. కింద గానీ పక్కన గానీ ఒక ప్యానెల్ తెరుచుకుంటుంది. అందులో నెట్‌వర్క్ అనే ట్యాబ్‌కి వెళ్లి, యాడ్స్ బాగా ఉండే ఏదైనా వార్తల సైట్ తెరవండి. వరసలు గబగబా పడుతూనే ఉంటాయి. మొదటి వరస ఆ సైట్‌దే. తర్వాత కొన్ని బొమ్మలు, అక్షరాల ఫాంట్లు. ఆ తర్వాత మీరెప్పుడూ పేరు కూడా వినని అడ్రస్‌లు మొదలవుతాయి. పేజీ వచ్చేసి, మీరు మొదటి పేరా చదువుతున్నా అవి ఆగవు.

ఆ ఒక్కో వరస ఒక్కో రిక్వెస్ట్. మీ ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్‌కి ఉండే నంబర్), మీ బ్రౌజర్ ఏది, ఏ సైట్‌లో ఉన్నారు, గతంలో ఆ కంపెనీ మీ దగ్గర పెట్టిన కుకీ (మీ బ్రౌజర్‌లో దాచే చిన్న గుర్తు), ఇవన్నీ దాంతోపాటు వెళ్తాయి. పేజీలో యాడ్ కోసం ఖాళీగా ఉన్న చోటుని అప్పటికప్పుడు వేలం వేస్తారు. వేలంలో పాల్గొనే కంపెనీలకు మీ గురించిన వివరాలు చేరతాయి. గెలిచిన కంపెనీ యాడ్ చూపిస్తుంది. ఓడిపోయిన కంపెనీలకు కూడా ఆ వివరాలు అప్పటికే అందేసి ఉంటాయి. మీరు యాడ్ మీద నొక్కకపోయినా, దాని వైపు చూడకపోయినా తేడా ఏమీ ఉండదు. అందుకే, వచ్చిన యాడ్‌ని కనపడకుండా దాచడం కంటే ఆ రిక్వెస్ట్‌నే వెళ్లనివ్వకపోవడం ముఖ్యం.

ఇప్పుడు బ్లాకర్ ఉన్న బ్రౌజర్‌లో అదే సైట్, అదే ట్యాబ్ చూడండి. రెండు బ్రౌజర్లలోని వరసలూ పక్కపక్కన పెట్టుకుని చూశాక ఎవరికీ నచ్చజెప్పాల్సిన అవసరం నాకు ఇంతవరకు రాలేదు.

కుకీలన్నీ చెడ్డవేనా? అన్నిటినీ ఆపేయాలా?

అక్కర్లేదు. 1994లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీలో పనిచేస్తున్న లూ మాంటుల్లీ కుకీని తయారుచేసింది, సైట్ మిమ్మల్ని గుర్తుపెట్టుకోవడానికి. లాగిన్ అయి ఉండటం, కార్ట్‌లో వేసుకున్న వస్తువులు అలాగే ఉండటం దాని పుణ్యమే. చిక్కంతా థర్డ్ పార్టీ కుకీలతో. మీరు వెళ్లింది ఒక సైట్‌కైతే, అందులో ఇమిడి ఉన్న వేరే కంపెనీ తన కుకీ పెడుతుంది. రేపు ఇంకో సైట్‌లోనూ ఆ కంపెనీయే ఉంటుంది, మిమ్మల్ని గుర్తుపడుతుంది. అలా మీరు తిరిగిన చోట్లన్నీ ఒక్క దారానికి గుచ్చుతుంది.

సఫారీ 2020 మార్చి నుంచి థర్డ్ పార్టీ కుకీలను పూర్తిగా ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ 2022 జూన్ నుంచి ప్రతి సైట్‌కీ వేరు వేరు కుకీ డబ్బా ఇస్తోంది, ఒక సైట్ డబ్బాలోది ఇంకో సైట్‌లో పనికిరాదు. బ్రేవ్ కూడా ఆపుతుంది. క్రోమ్ రెండేళ్లలో తీసేస్తామని 2020లో ప్రకటించి, వాయిదా మీద వాయిదా వేసి, 2024 జులైలో ఆ ఆలోచన విరమించుకుంది. మీరు సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆపితే తప్ప, క్రోమ్ మామూలు విండోలో అవి పనిచేస్తూనే ఉంటాయి.

ఇన్‌కాగ్నిటో విండో వాడితే సరిపోదా?

సరిపోదు. ఆ విండో మూసేశాక మీ కంప్యూటర్‌లో హిస్టరీ, కుకీలు మిగలవు, అంతే. ఇంట్లో అదే కంప్యూటర్ వాడే ఇంకొకరికి కనపడకుండా ఉండటానికి అది పనికొస్తుంది. మీరు వెళ్లిన సైట్‌కీ, ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీకీ, ఆఫీసు నెట్‌వర్క్ చూసుకునేవాళ్లకీ మీరు ఎప్పటిలాగే కనిపిస్తారు. ఇన్‌కాగ్నిటోలో ఉన్నా తమ డేటా సేకరించారంటూ 2020లో అమెరికాలో గూగుల్ మీద కొందరు కేసు వేశారు. 2024లో కుదిరిన రాజీ ప్రకారం, అలా చేరిన రికార్డులను తుడిచేయడానికి గూగుల్ ఒప్పుకుంది. ఆ విండో ఏం చేయదో దాని మొదటి పేజీలోనే రాసి ఉంటుంది, ఓసారి నిదానంగా చదవండి.

కుకీలు రోజూ తుడిచేస్తాను. అప్పుడైనా గుర్తుపట్టలేరు కదా?

గుర్తుపట్టే దారి ఇంకొకటి ఉంది, ఫింగర్‌ప్రింటింగ్. మీ స్క్రీన్ సైజు, టైమ్ జోన్, భాష, ఫాంట్లు, గ్రాఫిక్స్ కార్డ్ ఒక బొమ్మను గీసే తీరు, ఇలాంటి చిన్న చిన్న వివరాలన్నీ కలిపితే చాలాసార్లు మీ బ్రౌజర్ ఒక్కటే తేలుతుంది. ఈఎఫ్ఎఫ్ అనే డిజిటల్ హక్కుల సంస్థ 2010లో పనోప్టిక్లిక్ పేరుతో పరీక్ష పెట్టి 4,70,161 బ్రౌజర్లను చూస్తే, వాటిలో 83.6 శాతం ఇంకే బ్రౌజర్‌తోనూ కలవలేదు. అదే పరీక్ష ఇప్పుడు కవర్ యువర్ ట్రాక్స్ అనే పేరుతో నడుస్తోంది, ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు.

దీన్ని ఎదుర్కోవడానికి రెండు పద్ధతులున్నాయి. టార్ బ్రౌజర్, మల్వాడ్ బ్రౌజర్ తమను వాడేవాళ్లంతా ఒకేలా కనిపించేట్టు చేస్తాయి. బ్రేవ్ ఆ వివరాలను ఎప్పటికప్పుడు కాస్త మార్చి చెప్తుంది, నిన్నటి మీరూ ఇవాళ్టి మీరూ ఒకరేనని తేల్చడం కష్టమవుతుంది. మామూలు వాడకానికి నేను చెప్పేది ఇదీ: ఫింగర్‌ప్రింట్ తీసే స్క్రిప్ట్‌లలో (పేజీతోపాటు వచ్చే చిన్న ప్రోగ్రామ్‌లలో) చాలావాటిని మంచి బ్లాకర్ రానే రానివ్వదు. ఆ పైన అరుదైన ఎక్స్‌టెన్షన్లు, ఎవరూ ముట్టుకోని రహస్య సెట్టింగ్స్ పేర్చుకుంటూ పోతే మీరు పదిమందిలో ఇంకా తేలిగ్గా దొరికిపోతారు.

సరే, ఏ బ్రౌజర్ ఎంచుకోవాలి?

ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఈ బ్రౌజర్ తయారుచేసేవాళ్లకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? అక్కడే సగం జవాబు దొరుకుతుంది.

క్రోమ్ వేగం, సెక్యూరిటీ అప్‌డేట్స్ విషయంలో వంక పెట్టడానికి లేదు. కానీ దాన్ని తయారుచేసే గూగుల్‌కి ప్రాణాధారం యాడ్స్. 2023లో మాతృసంస్థ ఆల్ఫాబెట్ ఆదాయంలో నాలుగింట మూడొంతులకు పైగా వచ్చింది యాడ్స్ నుంచే. అలాంటి కంపెనీ బ్రౌజర్ మీ తరఫున, మిమ్మల్ని వెంటాడే ట్రాకర్లతో పోట్లాడుతుందని ఆశించలేం. ఎడ్జ్‌లో క్రోమ్ కంటే కొంత మెరుగైన ట్రాకింగ్ నిరోధం మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది. అయితే మైక్రోసాఫ్ట్‌కీ సొంత యాడ్స్ వ్యాపారం ఉంది, ప్రైవసీ కోసమని క్రోమ్ వదిలేసి ఎడ్జ్‌కి మారడంలో నాకు పెద్ద లాభం కనపడలేదు.

నా మొగ్గు ఫైర్‌ఫాక్స్ వైపు. లాభాపేక్ష లేని మొజిల్లా ఫౌండేషన్ చేతిలో ఉంది. క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్, వివాల్డీ, ఒపేరా అన్నీ గూగుల్ నడిపించే క్రోమియం అనే మూల కోడ్ మీద కట్టినవే. ఫైర్‌ఫాక్స్‌కి మాత్రం గెకో అనే సొంత ఇంజిన్ (పేజీని తెర మీద చూపించే భాగం) ఉంది. వెబ్ ఎలా పనిచేయాలో ఒక్క కంపెనీ నిర్ణయించే రోజు రాకూడదంటే ఇలాంటిది ఒకటి బతికి ఉండాలి. దానికీ లోపాలున్నాయి, అవీ చెప్పాలి. మొజిల్లా ఆదాయంలో ఎక్కువ భాగం గూగుల్‌ని డిఫాల్ట్ సెర్చ్‌గా పెట్టినందుకు వచ్చేదే. 2025 ఫిబ్రవరిలో కొత్త వాడుక నిబంధనలు తెచ్చినప్పుడు, మీ డేటా ఎప్పటికీ అమ్మం అన్న పాత హామీ మాటలు తీసేయడంతో వాడేవాళ్లకు కోపం వచ్చింది, నిబంధనల మాటలు మార్చి రాయాల్సి వచ్చింది. అందుకే ఫైర్‌ఫాక్స్ పెట్టుకోగానే సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీకి వెళ్లి, ట్రాకింగ్ ప్రొటెక్షన్‌ని స్ట్రిక్ట్‌లో పెట్టండి, మొజిల్లాకి డేటా పంపే ఆప్షన్లు ఆపేయండి, సైట్లతో కనెక్షన్ గుప్తంగా సాగేలా చూసే హెచ్‌టీటీపీఎస్ ఓన్లీ మోడ్ ఆన్ చేయండి. రెండు నిమిషాల పని.

బ్రేవ్‌ను జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష సృష్టికర్త బ్రెండన్ ఐక్ మొదలుపెట్టారు. యాడ్ బ్లాకింగ్ బ్రౌజర్ లోపలే ఉంది కాబట్టి గూగుల్ ఎక్స్‌టెన్షన్ల నియమాలు మార్చినా దానికి దెబ్బ తగలదు. ఏమీ మార్చకుండా వాడేవాళ్లకు ఇదే అన్నిటికంటే ఎక్కువ రక్షణ ఇస్తుందని నా అభిప్రాయం. క్రిప్టో వాలెట్, రివార్డ్స్ (యాడ్స్ చూస్తే ప్రతిఫలం ఇచ్చే ఏర్పాటు) లాంటివి కూడా అందులో ఉంటాయి, మీరు ఆన్ చేస్తే తప్ప రివార్డ్స్ పనిచేయవు. 2020లో కొన్ని క్రిప్టో సైట్ల అడ్రస్ టైప్ చేస్తే తమకు కమిషన్ వచ్చే లింక్‌ని బ్రేవ్ దానంతటదే చేర్చడం బయటపడింది. విమర్శ వచ్చాక ఐక్ తప్పు ఒప్పుకుని సరిచేశారు. దాన్ని మనసులో పెట్టుకుని వాడటం మంచిది.

సఫారీ యాపిల్ పరికరాలున్నవాళ్లకు చక్కగా సరిపోతుంది. డక్‌డక్‌గో బ్రౌజర్ తేలిగ్గా ఉంటుంది. 2022లో మైక్రోసాఫ్ట్‌తో ఉన్న సెర్చ్ ఒప్పందం వల్ల ఆ కంపెనీ ట్రాకర్లు కొన్నిటిని వదిలేస్తోందని ఒక పరిశోధకుడు బయటపెట్టాక, అదే ఏడాది ఆగస్టులో వాటినీ ఆపడం మొదలుపెట్టింది. లిబ్రెవుల్ఫ్ అనేది ఫైర్‌ఫాక్స్‌నే బిగించి, యూబ్లాక్ ఆరిజిన్ ముందే పెట్టి ఇచ్చే రూపం. వాలంటీర్లు నడుపుతారు, అప్‌డేట్స్ వెంటనే వేసుకునే అలవాటు ఉంటే బాగుంటుంది.

టార్ బ్రౌజర్ అందరూ వాడాలా?

రోజువారీ పనులకు అక్కర్లేదు. అది మీ ట్రాఫిక్‌ని మూడు రిలేల (మధ్యవర్తి కంప్యూటర్ల) మీదుగా పంపుతుంది. మీరెవరో తెలిసిన రిలేకి మీరెక్కడికి వెళ్తున్నారో తెలియదు, ఎక్కడికో తెలిసిన రిలేకి మీరెవరో తెలియదు. అందువల్ల నెమ్మదిగా ఉంటుంది, బ్యాంకు సైట్లు అడ్డు చెప్తాయి. జర్నలిస్టులు, వాళ్లకు సమాచారం ఇచ్చేవాళ్లు, ప్రాణభయంతో సాయం వెతుక్కునేవాళ్లు, సెన్సార్‌షిప్ ఉన్నచోట ఉండేవాళ్లు, వీళ్లకు దాని విలువ లెక్కకట్టలేం. వాడితే ఉన్నది ఉన్నట్టుగా వాడండి, అందులో ఎక్స్‌టెన్షన్లు వేయొద్దు. టార్ నెట్‌వర్క్ వద్దు గానీ ఆ ఫింగర్‌ప్రింట్ రక్షణ కావాలనుకుంటే, టార్ ప్రాజెక్ట్ వాళ్లతో కలిసి మల్వాడ్ కంపెనీ 2023 ఏప్రిల్‌లో విడుదల చేసిన మల్వాడ్ బ్రౌజర్ ఉంది.

క్రోమ్‌లో నా యూబ్లాక్ ఆరిజిన్ ఉన్నట్టుండి ఆగిపోయింది. ఏమైంది?

గూగుల్ ఎక్స్‌టెన్షన్ల నియమాలను మ్యానిఫెస్ట్ వి3 అనే కొత్త పద్ధతికి మార్చింది. పాత పద్ధతిలో బ్రౌజర్ నుంచి బయటికి వెళ్లే ప్రతి రిక్వెస్ట్‌నీ ఎక్స్‌టెన్షన్ స్వయంగా చూసి, వెళ్లనివ్వాలో వద్దో అప్పటికప్పుడు తేల్చేది. కొత్త పద్ధతిలో నియమాల పట్టీ ముందే రాసి బ్రౌజర్ చేతికివ్వాలి, అమలు చేసేది బ్రౌజర్. ఆ పట్టీకి పరిమితులు కూడా ఉన్నాయి. ఇది భద్రత కోసమని గూగుల్ వాదన. అందులో కొంత నిజం ఉంది, ఎందుకంటే ప్రతి రిక్వెస్ట్‌నీ చూడగలగడం చెడ్డ ఎక్స్‌టెన్షన్ చేతిలో ప్రమాదమే. కానీ దెబ్బ తగిలింది మంచి బ్లాకర్లకు.

పాత పద్ధతి ఎక్స్‌టెన్షన్లను క్రోమ్ 2024 అక్టోబర్ నుంచి ఆపేయడం మొదలుపెట్టి, 2025 మధ్యకల్లా పూర్తిచేసింది. యూబ్లాక్ ఆరిజిన్ రాసిన రేమండ్ హిల్ కొత్త నియమాలకు తగ్గట్టు యూబ్లాక్ ఆరిజిన్ లైట్ తయారుచేశారు. క్రోమ్ వదలలేనివాళ్లు అది వేసుకోండి, చాలా సైట్లలో బాగానే పనిచేస్తుంది. దానికి లేనివి కొన్ని ఉన్నాయి: మీకు నచ్చిన ఫిల్టర్ జాబితాను (ఏవి ఆపాలో చెప్పే పట్టీని) బయటినుంచి తెచ్చి కలుపుకోవడంలాంటివి. ఫిల్టర్లు కూడా ఎక్కువగా ఎక్స్‌టెన్షన్ అప్‌డేట్‌తోనే వస్తాయి. ఫైర్‌ఫాక్స్ పాత పద్ధతినీ కొనసాగిస్తోంది, అందుకే పూర్తి శక్తితో ఉన్న యూబ్లాక్ ఆరిజిన్ కావాలంటే అక్కడికి వెళ్లడం మేలు.

యూబ్లాక్ పేరుతో చాలా ఉన్నాయి. అసలుది ఏది?

పేరు చివర ఆరిజిన్ అని ఉండాలి, తయారీదారు రేమండ్ హిల్ అని ఉండాలి. 2015లో ఆయన మొదటి ప్రాజెక్టును వేరొకరికి అప్పగించి, తర్వాత విడిపోయి యూబ్లాక్ ఆరిజిన్‌గా సొంతంగా కొనసాగించారు. ఆరిజిన్ అనే మాట లేని యూబ్లాక్ చేతులు మారింది, 2019 నుంచి కొన్ని యాడ్స్‌ని వదిలేసే ఏర్పాటులో చేరింది. ఆరిజిన్‌కి అలాంటి ఒప్పందాలు లేవు, విరాళాలు కూడా తీసుకోదు.

ఆ ఏర్పాటు పేరు యాక్సెప్టబుల్ యాడ్స్. యాడ్‌బ్లాక్ ప్లస్ 2011లో మొదలుపెట్టింది. మరీ విసిగించని యాడ్స్ అయితే ఆపకుండా వదిలేస్తారు, పెద్ద కంపెనీలు అందుకు డబ్బు కడతాయి. ఆలోచన వరకు అన్యాయం కాదు, ఎందుకంటే చిన్న సైట్లు బతకాలి. కానీ కంటికి విసుగు లేనంత మాత్రాన ట్రాకింగ్ లేదని అర్థం కాదు. మీరు యాడ్‌బ్లాక్ ప్లస్ వాడుతుంటే సెట్టింగ్స్‌లో ఆ టిక్ తీసేయొచ్చు.

ఎక్స్‌టెన్షన్లనే ఎందుకు నమ్మాలి? అవి మన డేటా దొంగిలించవా?

దొంగిలించినవి ఉన్నాయి. 2020 అక్టోబర్‌లో నానో యాడ్‌బ్లాకర్, నానో డిఫెండర్ అనే రెండిటిని వాటి తయారీదారు వేరేవాళ్లకు అమ్మేశాక, కొన్న వాళ్లు డేటా లాగే కోడ్ చేర్చారు. వాడేవాళ్లకు ఏమీ తెలియకుండానే, మామూలు అప్‌డేట్ రూపంలో వచ్చేసింది. అవాస్ట్ సంగతి ఇంకా బాధాకరం. రక్షణ పేరుతో ఇచ్చిన యాంటీవైరస్, బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ల ద్వారా జనం బ్రౌజింగ్ వివరాలు సేకరించి అనుబంధ సంస్థ జంప్‌షాట్ ద్వారా అమ్మింది. ఈ వ్యవహారంలో 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1.65 కోట్ల డాలర్లు కట్టించింది.

అందుకే ఎక్స్‌టెన్షన్లు వీలైనంత తక్కువ పెట్టుకోండి. కోడ్ బయట అందరూ చూడగలిగేలా ఉందా, వెనక ఎవరున్నారో తెలుస్తోందా, చాలా ఏళ్లుగా నిలబడిందా అని చూడండి. స్టోర్‌లో వెతికితే మొదట కనిపించేది నకిలీ కావచ్చు, కాబట్టి తయారీదారు సొంత పేజీలో ఉన్న లింక్ నుంచి వెళ్లడం మేలు.

రెండు మూడు బ్లాకర్లు కలిపి వేసుకుంటే ఇంకా గట్టిగా ఉంటుందా?

ఉండదు. ఒకదాని పనికి ఇంకొకటి అడ్డం పడుతుంది, సైట్లు పాడవుతాయి, దేని వల్ల పాడైందో తెలియక తల పట్టుకుంటారు. ఒక్కటి చాలు.

బ్లాకర్ పెట్టాక ఒక సైట్ సరిగ్గా రావట్లేదు. ఏం చేయను?

టెన్షన్ పడొద్దు, బ్లాకర్‌ని మొత్తం తీసేయొద్దు. యూబ్లాక్ ఆరిజిన్ గుర్తు మీద నొక్కితే పెద్ద పవర్ బటన్ కనిపిస్తుంది. దాన్ని నొక్కి పేజీ రీలోడ్ చేస్తే, ఆ ఒక్క సైట్‌లో మాత్రమే బ్లాకింగ్ ఆగుతుంది. సైట్ బాగుపడితే కారణం బ్లాకరే. బాగుపడకపోతే బ్రౌజర్ ట్రాకింగ్ ప్రొటెక్షన్ కావచ్చు. ఫైర్‌ఫాక్స్‌లో అడ్రస్ బార్ పక్కనున్న షీల్డ్ గుర్తు నొక్కి ఆ సైట్ వరకు ఆపి చూడండి. పేమెంట్ పేజీ మధ్యలో ఇలాంటి ప్రయోగాలు చేయకండి, డబ్బు కట్టడానికి ముందే సరిచూసుకోండి.

దీనికి వ్యతిరేకమైన ఇబ్బంది కూడా వస్తుంది: బ్లాకర్‌కి దొరకని ఏదో ఒక డబ్బా పేజీ మీద అడ్డంగా కూర్చుంటుంది. అప్పుడు యూబ్లాక్ ఆరిజిన్ మెనూలోనే ఐడ్రాపర్ (చుక్కల మందు గొట్టం) గుర్తు నొక్కండి. మౌస్ కదిపితే పేజీలో ఒక్కో భాగం రంగు మారుతుంది. వద్దనుకున్న దాని మీద నొక్కి క్రియేట్ అంటే అది ఇక కనపడదు. తర్వాత వచ్చినప్పుడు కూడా కనపడదు.

యాడ్ బ్లాకర్ తీసేస్తేనే చదవనిస్తామని సైట్ అంటోంది.

ఆ సైట్ మీకు విలువైనదైతే దాని వరకు అనుమతించండి, లేదా చందా కట్టండి. లేకపోతే ట్యాబ్ మూసేయండి, అదే సమాచారం చాలాసార్లు వేరేచోట దొరుకుతుంది. ఫిల్టర్ జాబితాలు పాతబడినా ఈ గోడ ఎదురవుతుంది, యూబ్లాక్ ఆరిజిన్ డాష్‌బోర్డ్‌లో (దాని సెట్టింగ్స్ పేజీలో) ఫిల్టర్ లిస్ట్స్‌కి వెళ్లి అప్‌డేట్ చేసి చూడండి. ఏ సైట్ అయినా బ్లాకర్ తీసేసి ఫలానా ప్రోగ్రామ్ డౌన్‌లోడ్ చేయమంటే మాత్రం వెంటనే బయటికి వచ్చేయండి.

యూట్యూబ్ యాడ్స్ ఒక్కోసారి ఆగుతాయి, ఒక్కోసారి ఆగవు. ఎందుకు?

2023 నుంచి యూట్యూబ్ బ్లాకర్ల మీద గట్టిగా పడింది. వాళ్లు ఒక మార్పు చేస్తారు, ఫిల్టర్లు రాసే వాలంటీర్లు దానికి విరుగుడు రాస్తారు, మళ్లీ మార్పు. ఈ మధ్యలో చిక్కుకున్న రోజున మీకు యాడ్ కనిపిస్తుంది. ఫిల్టర్లు అప్‌డేట్ చేసి, ఇంకే బ్లాకర్ గానీ యూట్యూబ్ కోసం వేసుకున్న ఇతర ఎక్స్‌టెన్షన్ గానీ ఉంటే ఆపి చూడండి. గంటల తరబడి యూట్యూబ్ చూసేవాళ్లు ప్రీమియం కట్టడమే నిశ్చింత, వీడియోలు చేసేవాళ్లకూ అందులో వాటా వెళ్తుంది.

ఫోన్‌లో ఎలా?

ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు ఉండవు. ఫైర్‌ఫాక్స్‌లో ఉంటాయి. మూడు చుక్కల మెనూలో ఎక్స్‌టెన్షన్స్ నొక్కితే జాబితా వస్తుంది, యూబ్లాక్ ఆరిజిన్ పక్కనున్న ప్లస్ గుర్తు నొక్కి అనుమతిస్తే అయిపోయింది. ఆ తర్వాత ఫైర్‌ఫాక్స్‌ని డిఫాల్ట్ బ్రౌజర్‌గా పెట్టుకోవడం మర్చిపోవద్దు, లేకపోతే మెసేజ్‌లలో వచ్చిన లింకులు పాత బ్రౌజర్‌లోనే తెరుచుకుంటాయి.

ఐఫోన్‌లో యూరోపియన్ యూనియన్ మినహా చాలాచోట్ల ఏ బ్రౌజర్ అయినా లోపల వాడేది యాపిల్ వెబ్‌కిట్ ఇంజినే. కాబట్టి బ్రౌజర్ మార్చితే తేడా తక్కువ. సఫారీకి కంటెంట్ బ్లాకర్ వేసుకుని, సెట్టింగ్స్‌లో సఫారీ ఎక్స్‌టెన్షన్స్‌కి వెళ్లి దాన్ని ఆన్ చేయాలి. వేసుకుని ఆన్ చేయకుండా వదిలేసేవాళ్లు చాలామంది.

బ్రౌజర్ సరే, గేమ్స్‌లో, ఇతర యాప్స్‌లో వచ్చే యాడ్స్ సంగతి?

దానికి డీఎన్ఎస్ స్థాయిలో అడ్డుకోవాలి. సైట్ పేరుని నంబర్ అడ్రస్‌గా మార్చిచెప్పే వ్యవస్థ డీఎన్ఎస్. యాడ్ సర్వర్ పేరు అడిగితే జవాబు ఇవ్వని డీఎన్ఎస్‌ని పెట్టుకుంటే, ఫోన్‌లో ఏ యాప్ అయినా మామూలుగా ఆ సర్వర్‌ని చేరుకోలేదు. ఆండ్రాయిడ్ 9 నుంచి ప్రైవేట్ డీఎన్ఎస్ అనే సెట్టింగ్ ఉంది. ఆడ్‌గార్డ్ డీఎన్ఎస్ వాళ్ల సైట్‌లో ఇచ్చిన పేరు అందులో రాస్తే చాలు, ఏ యాప్ వేయక్కర్లేదు. ఇంట్లో ఉన్న టీవీ, ట్యాబ్లెట్‌లకు కూడా కావాలంటే చిన్న కంప్యూటర్ మీద నడిచే పై-హోల్ అనే డీఎన్ఎస్ బ్లాకర్ ఉంది, ఓపిక ఉన్నవాళ్లు పెట్టుకోవచ్చు.

దీనికి పరిమితి ఉంది: డీఎన్ఎస్ చూసేది పేరును మాత్రమే. వీడియో వచ్చే సర్వర్ నుంచే యాడ్ కూడా వస్తుంటే ఏమీ చేయలేదు. అందుకే యూట్యూబ్ యాడ్స్ దీనితో ఆగవు. అలాగే మీరు అడిగే పేర్లన్నీ ఆ డీఎన్ఎస్ నడిపేవాళ్లకు తెలుస్తాయి, కాబట్టి నమ్మకమైనదే ఎంచుకోండి.

వీపీఎన్ ఉంటే ఇవేవీ అక్కర్లేదా?

వీపీఎన్ (మీ ట్రాఫిక్‌ని తన కంప్యూటర్ల మీదుగా పంపే సేవ) సైట్లకు మీ ఐపీ అడ్రస్‌ని మాత్రమే దాస్తుంది. కుకీలు, ఫింగర్‌ప్రింట్, మీరు లాగిన్ అయిన అకౌంట్ అలాగే ఉంటాయి. ఇంటర్నెట్ కంపెనీకి కనిపించేది వీపీఎన్ కంపెనీకి కనిపించడం మొదలవుతుంది. ఉచిత వీపీఎన్‌ల విషయంలో ఇందాకటి ప్రశ్నే: డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది? బ్లాకర్ పెట్టుకోవడం ముందు పని, వీపీఎన్ అవసరమైతే ఆ తర్వాత.

గూగుల్‌లోనో ఫేస్‌బుక్‌లోనో లాగిన్ అయి ఉంటే బ్లాకర్ వల్ల లాభముందా?

వాళ్ల సొంత సైట్లలో మీరు చేసేది వాళ్లకు తెలుస్తుంది, దాన్ని ఏ బ్లాకరూ ఆపలేదు. వేరే సైట్లలో మీ వెంట రాకుండా మాత్రం ఆపుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో మల్టీ అకౌంట్ కంటైనర్స్ అనే మొజిల్లా ఎక్స్‌టెన్షన్‌తో ఒక్కో అకౌంట్‌ని ఒక్కో రంగు ట్యాబ్‌లో విడిగా ఉంచుకోవచ్చు. సెర్చ్‌ని కూడా విడదీయాలనుకుంటే డక్‌డక్‌గో, బ్రేవ్ సెర్చ్, గూగుల్ ఫలితాలనే మీ పేరు చెప్పకుండా తెచ్చిచ్చే స్టార్ట్‌పేజ్ ఉన్నాయి.

ప్రతి సైట్‌లో వచ్చే కుకీ అనుమతి డబ్బాలతో విసిగిపోయాను.

యూబ్లాక్ ఆరిజిన్ డాష్‌బోర్డ్‌లో ఫిల్టర్ లిస్ట్స్ కింద కుకీ నోటీసెస్ అనే విభాగం ఉంది, టిక్ పెట్టండి. చాలావరకు కనపడవు. నన్ను వెంటాడొద్దని సైట్లకు చెప్పే డు నాట్ ట్రాక్ అనే పాత సెట్టింగ్‌ను సైట్లు పట్టించుకోలేదు, ఫైర్‌ఫాక్స్ కూడా 2025లో దాన్ని తీసేసింది. దాని బదులు, నా డేటా అమ్మొద్దు, పంచొద్దు అని సైట్లకు చెప్పే గ్లోబల్ ప్రైవసీ కంట్రోల్ ఆన్ చేయండి. కాలిఫోర్నియాలాంటి చోట్ల సైట్లు దాన్ని మన్నించి తీరాలని చట్టమే ఉంది.

యాడ్స్ ఆపితే సైట్లు నడిపేవాళ్ల కడుపు కొట్టినట్టు కాదా?

ఇది తప్పించుకోకూడని ప్రశ్న. రాసేవాళ్లకు డబ్బు కావాలి, చాలా చిన్న సైట్లకు యాడ్సే ఆధారం. నాకు అభ్యంతరం యాడ్ మీద కాదు, దానితో వచ్చే నిఘా మీద. పేజీలో ఉన్న విషయానికి తగిన యాడ్‌ని ఎవరినీ వెంటాడకుండా చూపించవచ్చు. అలా చూపించే సైట్లను నేను అనుమతిస్తాను, మిమ్మల్నీ అనుమతించమంటాను. రోజూ చదివే సైట్‌కి చందా గానీ విరాళం గానీ ఇస్తే, యాడ్స్ ద్వారా మీ వల్ల వాళ్లకు వచ్చేదానికంటే ఎక్కువే అందుతుంది.

మా అమ్మ ఫోన్‌లో బ్లాకర్ పెట్టినా వైరస్ ఉందంటూ యాడ్స్ వస్తూనే ఉన్నాయి.

అవి పేజీలో వచ్చే యాడ్స్ కావు, నోటిఫికేషన్లు. ఎప్పుడో ఏదో సైట్ నోటిఫికేషన్లు పంపమంటారా అని అడిగితే పొరపాటున అలో నొక్కి ఉంటారు. అప్పటి నుంచి ఆ సైట్ ఫోన్‌కి నేరుగా పంపుతోంది, బ్లాకర్ దాకా రాదు. నోటిఫికేషన్ వచ్చినప్పుడు దాన్ని కాసేపు నొక్కి పట్టుకుంటే ఏ బ్రౌజర్ నుంచి వచ్చిందో తెలుస్తుంది. ఆ బ్రౌజర్ సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరిచి, తెలియని పేర్లన్నీ తీసేయండి. తర్వాత ఏ సైటూ అసలు అడగకుండా అక్కడే ఆపేయండి. అలా వచ్చిన నోటిఫికేషన్ మాట నమ్మి క్లీనర్ యాప్ ఏదైనా వేసి ఉంటే దాన్ని తీసేయండి, బ్యాంకు వివరాలు ఎక్కడైనా ఇచ్చారేమో నెమ్మదిగా అడిగి కనుక్కోండి. కోప్పడితే నిజం చెప్పరు.

బ్రౌజర్ మారితే నా బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు పోతాయా?

పోవు. ఫైర్‌ఫాక్స్, బ్రేవ్ రెండూ మొదటిసారి తెరవగానే పాత బ్రౌజర్ నుంచి తెచ్చుకోమంటారా అని అడుగుతాయి. పాస్‌వర్డ్‌లను ఫైల్‌గా ఎగుమతి చేసి తెస్తే, పని అయ్యాక ఆ ఫైల్‌ని డిలీట్ చేసి రీసైకిల్ బిన్ నుంచి కూడా తీసేయండి, అందులో అన్నీ మామూలు అక్షరాల్లోనే ఉంటాయి. పాత బ్రౌజర్‌ని కొన్నాళ్లు అలాగే ఉంచండి. ఏదో ఒక ఆఫీసు సైట్ దానిలో తప్ప పనిచేయనంటే, ఆ ఒక్క పనికీ అది తెరిచి మూసేయండి.